కుట్టు లోపల రెండంగుళాలు

ఫిబ్రవరి 9

అక్కా,

ఫోనులో నీ గొంతు గుసగుసలా వస్తుంది, ఇక్కడేమో మిషన్ల హోరు. గట్టిగా మాట్లాడవే అంటే ఫోను బావ చేతిలో పెట్టేస్తున్నావు. అందుకే కాగితం తీశాను. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టెయ్యలేవు. మహా అయితే చించుతావు, అదీ చదివాకే.

నువ్వు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. నీ కాగితాల కాపీలు నా పెట్టెలోనే ఉన్నాయి. ఆదివారం కూచుని మళ్ళీ అన్నీ చదివాను. ఊపిరితిత్తుల్లో నిమ్ము పోయింది. రక్తంలో విషం పోయింది. గుండె, కిడ్నీలు బాగున్నాయి. తలకి స్కాను తీశారు, అదీ శుభ్రంగా ఉంది. చివరి పేజీలో పెద్ద డాక్టరు తన చేత్తో 'అన్నీ నార్మల్' అని రాసి సంతకం పెట్టాడు. మరి అన్నీ నార్మల్ అయిన మనిషిని బావ చంకల కింద చేతులేసి బాత్రూముకి మోసుకెళ్ళడమేమిటి? జడ కూడా ఆయనే వేస్తున్నాడట. పొద్దున్న నీ జడ వేసి, తర్వాత వెళ్ళి బస్సు తోలుతున్నాడు. ఆ మాట ఆయన నవ్వుతూనే చెప్పాడు, నాకు మాత్రం నవ్వు రాలేదు.

చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే మూడో రోజుకల్లా లేచి కత్తెర పట్టుకునేదానివి. నాన్న వద్దని అరిచినా వినేదానివి కాదు. ఆ మనిషి ఎటు పోయిందో నాకర్థం కావడం లేదు.

షాపు సంగతి కూడా రాసెయ్యాలి. స్కూలు యూనిఫాంల గుడ్డ ఏప్రిల్ నెలాఖరుకి దిగుతుంది. నాలుగు వందల జతలు. నాన్న ఉన్నప్పటి నుంచీ ఆ స్కూలు మనదే. పిల్లలు ఏడాదిలో ఎంత పెరుగుతారో చూసుకుని, కుట్టు లోపల రెండంగుళాలు వదిలి కత్తిరించడం నీ చేతికొచ్చినట్టు ఇంకెవరికీ రాదు. నేను ఇక్కడ ఫ్యాక్టరీలో కటింగు సెక్షన్‌కి సూపర్‌వైజర్‌నైనా, మనసులో ఒప్పుకునేది అదే. ఏప్రిల్ చివరికి నువ్వు కటింగు బల్ల దగ్గర నిలబడకపోతే ఆర్డరు వెనక్కిచ్చి షట్టరు పూర్తిగా దించుకోవాల్సిందే. నేను రాలేను. ఏడాది సెలవులన్నీ ఆసుపత్రిలో ఆ ఐసీయూ గది బయట ఇనప కుర్చీలో అయిపోయాయి.

అందుకని లే. రోజుకి పదడుగులు వెయ్యి, మర్నాడు పదకొండు. కాళ్ళు అవే దారికొస్తాయి.

నీ మీద కోపంతోనే రాశాను, అబద్ధమెందుకు.

తమ్ముడు


ఫిబ్రవరి 17

తమ్ముడూ,

ఉత్తరం అందింది. లేవమనడం తేలిక. మళ్ళీ రాస్తా.

అక్క


ఫిబ్రవరి 24

అక్కా,

నేను రెండు పేజీలు రాస్తే నువ్వు ముష్టి వేసినట్టు మూడు ముక్కలు విదిల్చావు.

ఆ రాత కూడా చూశాను. కోడి కెలికినట్టుంది. కొలతల పుస్తకంలో నీ అంకెలు ముత్యాల్లా ఉంటాయని కస్టమర్లే అనేవాళ్ళు. ఇందులో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచున్నాయి. 'తేలిక' అన్న చోట కాగితం చిరిగింది. అంతలా నొక్కి రాశావంటే నా మీద ఎంత మంటగా ఉందో తెలుస్తూనే ఉంది. నేనేం పాపం చేశానే? ఇరవై ఆరు రోజులు ఆ గదిలో ఉన్నావు. పంతొమ్మిది రోజులు గొంతులో గొట్టం, ఊపిరి మిషనుది. అన్ని రోజులూ నేను ఆ కుర్చీలోంచి కదల్లేదు. బతికొచ్చావు. బతికొచ్చిన మనిషి బతికినట్టుండాలి కదా. కుంటిసాకులు చెప్పడానికి కూడా నీకు మూడు ముక్కలే దొరికాయి.

నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. కాజాల మాస్టరుకి ఫోన్ చేసి చెప్పేశాను. మార్చి ఒకటి నుంచి నీ బల్ల మీద కటింగు అతనే చేస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఆ మూల కూచుని కాజాలు కుట్టేవాడికి కటింగేం వస్తుందని నువ్వంటావు. రాదు. చంక దగ్గర వంకర పోతాడు. లోపల గుడ్డ వదలడం మర్చిపోతాడు. అయినా అతను నిలబడతాడు.

కొలతల పుస్తకం నా దగ్గరే ఉంది. షాపు మూసి వచ్చేటప్పుడు పోతుందేమోనని తెచ్చుకున్నాను. దాని కోసం బావని వెతికించకు.

తమ్ముడు


మార్చి 2 నుంచి 12 వరకు

ఒరే,

పైన రెండు తేదీలున్నాయని తికమక పడకు. ఇది ఒక్క రోజులో రాసిన ఉత్తరం కాదు. రోజుకి అయిదారు లైన్లు. నాకు కసరత్తు చేయించడానికి మంగళవారం, శుక్రవారం ఒకమ్మాయి వస్తుంది. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, నన్ను మాత్రం చిన్నపిల్లలా గదమాయిస్తుంది. వేళ్ళకి బలం రావాలంటే రోజూ పెన్నుతో రాయమంది. ఎవరికి రాయనమ్మా అంటే, మీకు ఎవరి మీద బాగా కోపమో వాళ్ళకి రాయండి, ఆపమన్నా ఆపరు అంది. నాకు వెతుక్కునే పని లేకపోయింది.

ముందు ఆ చిరిగిన కాగితం సంగతి. నేను నొక్కలేదు. నొక్కేంత సత్తువ ఉంటే పండగ చేసుకుందును. పెన్ను ఎత్తలేక చెయ్యి దాని మీద పడిపోయింది, పెన్ను కాగితంలో దిగబడింది. ఆ మూడు ముక్కలకి ఒక పూట పట్టింది. మీ బావ పెన్నుకి గుడ్డపీలిక చుట్టి లావు చేసి, నా వేళ్ళకి రబ్బరు బ్యాండుతో బిగించాడు. మధ్యలో రెండుసార్లు పడుకున్నాను. మళ్ళీ రాస్తా అన్నది విసురు కాదురా, నిజంగానే మళ్ళీ రాద్దామని. నువ్వు దాన్ని ముష్టి అన్నావు.

(మూడో రోజు.) నిన్న చెయ్యి వణికి ఆపేశాను. పదడుగులు వెయ్యమన్నావు కదా, ఎలా ఉంటుందో విను. కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు కావాలి. లేచాక మోకాళ్ళు గుడ్డబొమ్మకి కుట్టినట్టు ఎటంటే అటు మడత పడతాయి. పాదం పైకి లేవదు, వేళ్ళు నేలకి వేలాడతాయి. చెప్పు వేస్తే ఎప్పుడు ఊడిపోయిందో తెలియదు, వెనక్కి చూస్తే గుమ్మంలో ఉంటుంది. చేతులు భుజం దాటి పైకి రావు, అందుకే జడ. చెంచా నోటిదాకా వచ్చేసరికి సగం ఒలుకుతుంది. వేలి కొసల్లో చీమలు పాకినట్టుంటుంది. మొన్న సూది పట్టుకున్నాను, ఉందో లేదో తెలియలేదు. నలభై ఏళ్ళుగా సూది పట్టిన వేళ్ళురా ఇవి.

(అయిదో రోజు.) ఇవాళ నీ ఉత్తరం మళ్ళీ చదివించుకున్నాను. 'అయినా అతను నిలబడతాడు' అన్న చోట మీ బావ ఆగిపోయాడు. చదవండి అన్నాను. చదివాడు. తర్వాత బయటికెళ్ళి చాలాసేపు బస్సు అద్దం తుడిచాడు.

ఆ గదికి నువ్వు బయట ఉన్నావు, నేను లోపల ఉన్నాను. గట్టు మీద కూచున్నవాడు నీళ్ళ చలి గురించి నాకు చెప్పకూడదు. నా రెండు చేతులూ మంచానికి కట్టేశారు, గొట్టం పీక్కుంటానని. కట్టిన గుడ్డకి అంచు కూడా మడవలేదు, పోగులు ఊడి మణికట్టుకి చుట్టుకునేవి. మత్తులో నాకున్న దిగులంతా అదే, ఎవరైనా వచ్చి ఆ అంచు మడిస్తే బాగుండునని. కళ్ళు తెరిస్తే నువ్వు కనపడేవాడివి. మంచం చివర చేతులు కట్టుకుని నిలబడేవాడివి. దగ్గరికి ఎందుకు రావడం లేదో అనుకునేదాన్ని. నాకేదో అంటురోగం అని చెప్పారేమో అనుకున్నాను.

(ఎనిమిదో రోజు.) ఇంక అసలు సంగతి. నా బల్ల ఎవరినడిగి ఇచ్చావు? అది నాన్న చేయించిన బల్ల. ఆయన పోయాక పన్నెండేళ్ళు దాని దగ్గర నిలబడింది నేను. నువ్వు నెల జీతం కావాలని ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు నేను ఒక్క మాటన్నానా? నేను చచ్చానని డాక్టర్లు కూడా అనలేదు, నువ్వు నా పని పంచిపెట్టేశావు. పోయినవాళ్ళ బట్టలు పంచినట్టు పంచావు.

ఏప్రిల్ చివరికి నేను బల్ల దగ్గరుంటాను. ఎలా అని అడక్కు, నాకూ తెలియదు. అతన్ని నా బల్ల మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పు. నువ్వు చెప్పిందాన్ని నువ్వే వెనక్కి తీసుకో.

(ఆఖరి రోజు.) చెయ్యి నొప్పిగా ఉంది. కోపం ఇంకా చాలా మిగిలింది.

అక్క


మార్చి 18

అక్కా,

ఉత్తరం చదివాను. రాత కష్టమైందంటే నమ్ముతున్నాను, ముష్టి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి తీసుకోను.

నీకు చెయ్యి ఆడకపోతే మరి కాగితాల్లో ఎందుకు లేదు? పక్షవాతమా అని నేనే పెద్ద డాక్టర్ని అడిగాను. కాదన్నాడు. మరేంటి సార్ అంటే, చాలా రోజులు పడుకున్నారు కదా నీరసం, తినిపించండి, నడిపించండి, మనసు గట్టి చేసుకోమనండి అన్నాడు. నేను నీకు చెప్పింది ఆయన మాటలే. ఆయన నీ ప్రాణం నిలబెట్టిన మనిషి. ఆయన మాట నమ్మాలా, మంగళవారం శుక్రవారం వచ్చే పిల్ల మాట నమ్మాలా?

గట్టు మీద కూచున్నానంటావు. గొంతులో గొట్టం వెయ్యకపోతే గంట కూడా ఉండదు అని చెప్పి నా ముందు కాగితం పెట్టారు. బావ బస్సుతో దారిలో ఉన్నాడు. పెన్ను నా చేతిలో ఉంది. ఆ సంతకం పెట్టినవాడు గట్టు మీద ఉన్నట్టా? తర్వాత రోజూ చూసే వేళ ఇరవై నిమిషాలు, ఒక్కరినే పంపేవాళ్ళు. బావ వద్దు నువ్వే వెళ్ళు, నేను చూడలేను అనేవాడు. నేనే వచ్చి నిలబడేవాణ్ణి. ముట్టుకోలేదంటావు. ఎక్కడ ముట్టుకోను? ముక్కులో గొట్టం, మెడలో గొట్టం, చేతిలో రెండు. ఆ సంగతి ఇంక ఎత్తకు.

బల్ల గురించి నీతో వాదించను. కాజాల మాస్టరుకి ఒకసారి చెప్పాను, మళ్ళీ వద్దంటే అతని దగ్గర నా మాటకి విలువేముంటుంది. నువ్వు లేచి వెళ్ళి బల్ల ముందు నిలబడు, అతనే పక్కకి జరుగుతాడు.

ఈ పార్సిల్లో ఒక జత ఉంది. పైన చొక్కా, కింద పైజమా. నేనే కత్తిరించి నేనే కుట్టాను, ఆదివారాలు రెండు పట్టాయి. కొలతలు పుస్తకంలో నీ పేజీలోవే, నిరుడు నువ్వే రాసుకున్నవి. మొదటిసారి షాపుకి నడిచి వెళ్ళే రోజు ఇవి వేసుకో. ఇవి చూసైనా లేవాలనిపిస్తుందని.

మొండిదానికి తమ్ముణ్ణి కాబట్టి నేనూ మొండివాణ్ణే.

తమ్ముడు


మార్చి 24 నుంచి 31 వరకు

ఒరే మొండీ,

పార్సిలొచ్చింది. మీ బావ మోజుగా నాకు తొడిగి, అద్దం ముందు కూచోబెట్టాడు. కొయ్యకి తగిలించినట్టుంది. మెడ జారి భుజం బయటపడింది. పైజమా ఒక కాల్లో నా రెండు కాళ్ళూ పట్టేలా ఉన్నాయి. ఆయన గుండు సూదులు తెస్తానని వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ రాలేదు. నేను అద్దం ముందు ఒక్కదాన్నే, తల తిప్పుకుందామన్నా మెడ నొప్పి.

కుట్టు బాగుంది. కాలరు నాన్న తిప్పినట్టే తిప్పావు. మనిషిని చూడకుండా పుస్తకం చూసి కుడితే ఇలాగే ఉంటుంది. ఇది ఎవరి కొలత? పోయినేడాది నీకొక అక్క ఉండేది, ఆవిడది.

నాన్న మాట గుర్తుందా? నోరు అబద్ధమాడుతుంది, టేపు ఆడదు అనేవాడు. నేనేం లావెక్కలేదండీ అనే కస్టమరు మాట విన్నట్టే విని, టేపు తీసేవాడు. నీకు నా మాట నమ్మకం లేదు, డాక్టరు మాట నమ్మకం. సరే, టేపు నమ్ము. శుక్రవారం నాడు టేపు తెప్పించాను. ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస కసరత్తుల పిల్ల పట్టుకుంది. దానికి పట్టుకోవడం రాదు, బిగించి లాగుతుంది. వేలు దూరేంత వదులుండాలని అరిచాను, అరవడమంటే ఇప్పుడు నాకు గుసగుసే. పుస్తకం తీసి నా పేజీ తెరువు. పక్కన ఇవి రాసుకో.

చాతీ ముప్పై మూడు. చెయ్యి లావు, భుజం కింద, తొమ్మిది. మణికట్టు అయిదున్నర. తొడ పదహారున్నర. పిక్క పదిన్నర. రెండు వైపులా ఒకటే, కుడి ఎడమ తేడా లేదు. భుజం వెడల్పు పదిహేను. అదొక్కటీ మారలేదు, అది ఎముక కాబట్టి.

ఇప్పుడు చెప్పు. మనసు గట్టి చేసుకుంటే పిక్క మూడున్నర అంగుళాలు పెరుగుతుందా?

ఆ పిల్ల మాట నమ్మాలా అన్నావు. ఆ పిల్లే నన్ను వేరే ఆసుపత్రికి పంపి నరాల పరీక్ష చేయించింది. కాళ్ళకీ చేతులకీ చిన్న చిన్న కరెంటు దెబ్బలు కొట్టి, నరం ఎంత పలుకుతుందో చూశారు. నా పాదాల్లో నరాలు పిలిస్తే పలకడం లేదు. కండలు కూడా పాడయ్యాయి. రక్తం నిండా విషం పాకి, రోజుల తరబడి మిషను మీద పడున్నవాళ్ళలో చాలామందికి ఇలా అవుతుందట. ఇది ఒక రోగం, దీన్ని చూసే డాక్టర్లున్నారు, నెలలు పడుతుంది, ఏడాది పట్టొచ్చు, కొంత ఎప్పటికీ రాకపోవచ్చు. ఇదంతా ఒక్క పూటలో చెప్పారు. మీ పెద్ద డాక్టరు ఇరవై ఆరు రోజుల్లో ఒక్కసారి చెప్పలేదు. ఇంటికి పంపేటప్పుడు కాళ్ళు లేవడం లేదు సార్ అని మీ బావ అడిగితే, ప్రాణం దక్కింది, సంతోషించండి అన్నాడు. నాకు ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ప్రాణం ఇచ్చాడు, దణ్ణం పెడతాను. కానీ చేతులు పైకి లేస్తేనే కదా దణ్ణం పెట్టేది.

నువ్వయినా నన్ను చూసుంటే బాగుండేది. డాక్టరుకి మనుషులు వందమంది. నీకు అక్కని ఒక్కదాన్నే.

బట్టలు విప్పి మడత పెట్టించాను. నువ్వు పుస్తకం తెరిచాకే జవాబు రాయి. తెరవకపోతే రాయకు.

అక్క


ఏప్రిల్ 6

అక్కా,

పుస్తకం తెరిచాను. చెయ్యి లావు పన్నెండున్నర. తొడ ఇరవై రెండు. పిక్క పద్నాలుగు. పక్కన నువ్వు చెప్పినవి రాశాను. టేపు తీసి తొమ్మిది అంగుళాలకి గుండ్రంగా చుట్టి చూశాను. మా సెక్షన్‌లో తొమ్మిదంగుళాల చెయ్యి అంటే పదేళ్ళ పిల్లల సైజు. రోజుకి వెయ్యి ముక్కలు నా కళ్ళ ముందు తెగుతాయి. ఇవాళ ఆ సైజు వచ్చినప్పుడల్లా బల్ల దగ్గర్నుంచి పక్కకి వచ్చేశాను.

ముట్టుకోలేదు ఎందుకని అడిగావు, ఎత్తకు అన్నాను. ఇప్పుడు చెప్పెయ్యాలి. పదకొండో రోజున ఒక పొడుగాటి నర్సు ఉండేది, గుర్తుందో లేదో. మత్తు కొంచెం తగ్గించాం, మీరు రోజూ వస్తారు కదా, ఆ ఇరవై నిమిషాలూ మీ అక్క చేతులూ కాళ్ళూ మెల్లగా వంచి చాచండి, ఎలాగో నేను చూపిస్తాను అంది. ఒకసారి చూపించింది కూడా. నీ మోచెయ్యి వంచింది. మిషను గీపెట్టింది. చావుబతుకుల్లో ఉన్న మనిషిని కుదుపుతారా, మీ పని మాచేత చేయిస్తారా అని ఆ గదిలోనే అరిచాను. ఊరుకోలేదు, వెళ్ళి పైవాళ్ళకి చెప్పాను. మర్నాటి నుంచి ఆ అమ్మాయిని వేరే మంచాలకి మార్చేశారు. తర్వాత నన్నెవరూ అడగలేదు. నేను మంచం చివర చేతులు కట్టుకుని నిలబడ్డాను. పదిహేను రోజులు.

నువ్వు లేవడం లేదని బావ చెప్పిన మొదటి రోజే నాకు ఆ నర్సు గుర్తొచ్చింది. నువ్వు లేస్తే నేను తప్పు చెయ్యనట్టే. అందుకే లే లే అని నీ ప్రాణం తీశాను. పిక్క పదిన్నరకి ఎందుకొచ్చిందో నాకు తెలుసు అక్కా.

ఉద్యోగానికి రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. వచ్చేస్తాను. షాపు మూసేద్దాం. ఇంక నువ్వు కత్తెర పట్టక్కర్లేదు, లేవక్కర్లేదు, ఎవరితోనూ మాట పడక్కర్లేదు. హాయిగా పడుకో. ఎత్తడం, దించడం అన్నీ నేను చూసుకుంటాను. జవాబు రాగానే బయల్దేరతాను.

నీ తమ్ముడు


ఏప్రిల్ 12 నుంచి 19 వరకు

తమ్ముడూ,

ఆ జేబులో కాగితం చించెయ్యి, తర్వాత ఇది చదువు.

నర్సు సంగతి చదివి రెండు రోజులు పెన్ను పట్టలేదు. చెయ్యి బాగానే ఉంది, నాకే బాగోలేదు. కసరత్తుల పిల్లని అడిగాను. ఆ ఇరవై నిమిషాలు కదిపుంటే ఏమయ్యేది అని. కొంత మేలు జరిగేదేమో, జరక్కపోయేదేమో, రోగమే అంత పెద్దది, ఎవరూ ఖాయంగా చెప్పలేరు అంది. నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు, ఆ పిల్ల అన్న మాట రాస్తున్నాను. నీకు ఆ ఏమో మిగిలింది, నాకు ఈ కాళ్ళు మిగిలాయి. ఎవరిది వాళ్ళం మోద్దాం. క్షమించానని రాయను. అది రాయడానికి అరపూట పడుతుంది, నాకు వేరే పనుంది. ఆ పొడుగు నర్సు గుర్తుంది నాకు. నా మోచెయ్యి పట్టుకున్న చెయ్యి వెచ్చగా ఉండేది, మర్నాడు ఎందుకు రాలేదో అనుకున్నాను. నువ్వు ఎప్పుడైనా వచ్చినప్పుడు ఆ ఆసుపత్రికి వెళ్ళి ఆ అమ్మాయిని వెతికి పట్టుకుని, నాకు చెప్పింది ఆమెకి చెప్పు. నాకంటే ముందు ఆమెకి బాకీ.

ఇంక నా కోపం విను. మొన్నటిదాకా లే అన్నావు, ఇప్పుడు పడుకో అంటున్నావు. రెండింట్లోనూ నన్ను ఒక్క ముక్క అడగలేదు. అడిగి చావు ఒకసారి, నీ సొమ్మేం పోదు.

సోమవారం కాజాల మాస్టరు ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి తల గోక్కుంటున్నాడు. కటింగు ఎలా ఉందయ్యా అంటే, నేల మీద చాప వేసుకుని కత్తిరిస్తున్నానమ్మా, నడుం విరిగిపోతోంది అన్నాడు. బల్లకేమైంది అంటే, దాని మీద దుప్పటి కప్పి ఉంచాను, మీ బల్ల మీద నాకెందుకు అన్నాడు. విన్నావా? నువ్వు నిలబడతాడన్న మనిషి నా బల్ల ముందు ఒక్క రోజు కూడా నిలబడలేదు.

అతనితో మాట్లాడి ఒక ఏర్పాటు చేసుకున్నాను. గీత నాది, కత్తెర అతనిది. సుద్దముక్క గుడ్డపీలిక చుట్టకుండానే పట్టుకోగలుగుతున్నాను. నిన్న పాత దుప్పటి మీద చొక్కా వెనక భాగం గీశాను. గీత వణికింది, లెక్క తప్పలేదు. మొదటి రోజుకి పది జతలు గీస్తానేమో, అయిదే గీస్తానేమో. స్కూలాయనకి కబురు చేశాను, పదిహేను రోజులు ఆలస్యమవుతుందని. ఆయన గునిశాడు, సరే అన్నాడు.

ఒక్కటే అడ్డం. బల్ల నిలబడేవాళ్ళ కోసం చేసింది, ముప్పై ఎనిమిది అంగుళాల ఎత్తు. చక్రాల కుర్చీలో కూచుంటే నా గడ్డం తగులుతుంది. ఎత్తు స్టూలు నేను ఎక్కలేను. ఎక్కించినా, పాదాలు నేలకి ఆనకపోతే నడుం నిలవదు, పక్కకి ఒరిగిపోతాను. అందుకని బల్ల కాళ్ళు కొయ్యాలి. పదంగుళాలు. వడ్రంగిని పిలిపిస్తే, పెద్దాయన బల్ల, మీ తమ్ముడు కూడా ఊఁ అంటేనే రంపం పెడతాను, రేపు నా పీక మీదకి వస్తుంది అన్నాడు. నాన్న బల్ల అని నువ్వు గింజుకుంటావని నాకు తెలుసు. నాన్న మనుషులకి బట్టలు కోశాడు గానీ, బట్టలకి సరిపోయేలా మనుషుల్ని కోయలేదు. ఉత్తరం అందగానే వడ్రంగికి ఫోన్ చేసి చెప్పు. కోసిన నాలుగు ముక్కలూ పొయ్యిలో పెట్టకుండా నంబర్లు వేసి బల్ల కిందే ఉంచమను.

నువ్వు ఉద్యోగం మానెయ్యకు. సెలవు వచ్చినప్పుడు రా. వచ్చినప్పుడు మంచం చివర నిలబడకు. ఆ పిల్ల దగ్గర నేర్చుకో, పాదం ఎలా పట్టుకోవాలో, మడమ ఎలా వంచాలో. ఇరవై నిమిషాలు. నాకు నొప్పిగా ఉంటుంది, నేను తిడతాను, నువ్వు ఆపకూడదు.

నువ్వు పంపిన బట్టలు ఈ పార్సిల్లో వెనక్కి పంపుతున్నాను. మధ్యలో మడిచి పెట్టిన గోధుమరంగు కాగితం నా చొక్కా చెయ్యి నమూనా, కొత్త కొలతది. నేనే కత్తిరించాను. పెద్ద కత్తెర ఇంకా లేవదు, మీ బావ మీసాలు కత్తిరించుకునే చిన్న కత్తెరతో. మూడు రోజులు పట్టింది. అంచు ఎలుక కొరికినట్టుంది, చూసి నవ్వుకో, ఫర్వాలేదు.

బట్టలన్నీ విప్పి ఈ కొలతకి మళ్ళీ కుట్టు. నాకు నప్పేలా, ఇవాళ్టి నాకు. మిగిలిన గుడ్డ మాత్రం కత్తిరించి పారెయ్యకు. స్కూలు పిల్లలకి కుట్టినట్టు కుట్టు. లోపల రెండంగుళాలు వదులు.

అక్క